రక్షణ నిశ్చయత: క్రైస్తవంలో తెగని ప్రశ్న, నాస్తికుల విమర్శ

దేవుడి తీర్పులో తాను నిలుస్తాడో లేదో విశ్వాసి బతికుండగానే తెలుసుకోగలడా? క్రైస్తవ వేదాంతంలో ఈ ప్రశ్నకు రక్షణ నిశ్చయత అని పేరు. పాపం నుంచీ దాని శిక్ష నుంచీ దొరికే విడుదల రక్షణ. అది తనకు దక్కిందన్న స్థిరమైన ఎరుక నిశ్చయత. రక్షణ క్రీస్తు వల్లనే అనే దగ్గర క్రైస్తవ శాఖలన్నీ కలుస్తాయి. ఫలానా మనిషికి అది దక్కిందని ఎలా తెలుస్తుంది అనే దగ్గర విడిపోతాయి. రెండు వేల ఏళ్లలో దీనికి వచ్చిన సమాధానాలు ఒకదానికొకటి పొసగవు.

నాస్తికులు సాధారణంగా దేవుడు ఉన్నాడా లేడా అనే దానిమీద వాదిస్తారు. ఈ విషయంలో వారి పరిశీలన మరో దారిలో సాగుతుంది. దేవుడు ఉన్నాడనే అనుకున్నా, ఈ సిద్ధాంతం ఇస్తానన్న అభయాన్ని ఇవ్వగలదా అని వారు అడుగుతారు. ఇవ్వలేదని, విశ్వాసిలో కనిపించే సందేహం అతని బలహీనత కాదని, సిద్ధాంతపు అల్లికలోనే ఉందని వారి వాదం. అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే ముందు క్రైస్తవులే ఈ ప్రశ్నతో ఎలా పెనుగులాడారో చూడాలి.

లేఖనాల్లో రెండు ధోరణులు

కొత్త నిబంధనలో అభయమిచ్చే మాటలూ ఉన్నాయి, హెచ్చరించే మాటలూ ఉన్నాయి. నమ్మినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవడానికే ఈ లేఖ రాస్తున్నానని యోహాను మొదటి పత్రిక చెబుతుంది. తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు అంటాడు. మనం దేవుని పిల్లలమని పరిశుద్ధాత్మే సాక్ష్యమిస్తుందని, దేవుని ప్రేమ నుంచి మనలను ఏదీ విడదీయలేదని పౌలు రోమీయులకు రాశాడు.

అదే పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ భయంతో, వణుకుతో రక్షణను కొనసాగించుకోవాలన్నాడు. ఇతరులకు బోధించిన తానే చివరికి తప్పిపోతానేమోనన్న జాగ్రత్త కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో కనిపిస్తుంది. ఒకసారి వెలుగు పొంది తరువాత పడిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం అంటుంది. పరిశుద్ధాత్మను దూషించిన పాపానికి క్షమాపణ ఎన్నటికీ లేదని మార్కు సువార్త చెబుతుంది కానీ, ఆ పాపం ఏ రూపంలో ఉంటుందో విడమరచదు.

వీటిలో నాస్తిక విమర్శకు మూలాధారం మత్తయి సువార్త ఏడో అధ్యాయం. తీర్పు రోజున చాలామంది ప్రభువా, ప్రభువా అని పిలుస్తారు, ఆయన నామంలో చేసిన అద్భుతాలను గుర్తు చేస్తారు. అయినా ఆయన తానెన్నడూ వారిని ఎరుగనంటాడు. తిరస్కారం పాలైనవారు సందేహంతో ఊగిసలాడినవారు కారు, ధీమాగా వచ్చినవారు. నమ్మకం ఎంత గట్టిగా ఉన్నా అది రక్షణకు రుజువు కాదని ఈ ఘట్టమే ఒప్పుకుంటోందని విమర్శకులు ఎత్తిచూపుతారు.

కేథలిక్ మార్గం: ఆశ ఉంది, నిశ్చయం లేదు

అయిదో శతాబ్దపు ఆరంభంలో అగస్టీన్ ఈ ప్రశ్నను పదును పెట్టాడు. చివరిదాకా విశ్వాసంలో నిలవడం కూడా దేవుడు ఇచ్చే వరమేనని, అది ఎవరికి దక్కిందో బతికుండగా చెప్పలేమని ఆయన బోధించాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. దేవుడు ప్రత్యేకంగా బయలుపరిస్తే తప్ప, తాను దేవుని కృపలో ఉన్నానని ఎవరూ నిస్సందేహంగా తెలుసుకోలేరు. దేవుని విషయాల్లో ఆనందం, లోకం పట్ల విముఖత వంటి గుర్తులను బట్టి ఊహించగలరు, అంతే.

ఈ సిద్ధాంతం ఎంత సున్నితమైనదో 1431 ఫిబ్రవరిలో జోన్ ఆఫ్ ఆర్క్ విచారణలో బయటపడింది. నువ్వు కృపలో ఉన్నావా అని న్యాయాధికారులు అడిగారు. ఉన్నానంటే గర్వం, మతద్రోహం. లేనంటే నేరం ఒప్పుకున్నట్టు. లేకపోతే దేవుడు తనను అందులో ఉంచాలని, ఉంటే అలాగే నిలపాలని ఆమె బదులిచ్చింది. చదువురాని ఆ పల్లె పిల్ల చెప్పిన జవాబు సిద్ధాంతానికి అక్షరాలా సరిపోయింది.

తెలియని స్థితిలో బతికే మనిషికి మధ్యయుగపు చర్చి ఆసరాలు కల్పించింది. బాప్తిస్మం, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, చనిపోయినవారి కోసం పూజలు ఉండేవి. శుద్ధి పొందే స్థలం గురించిన బోధ, దానితో ముడిపడిన పాపపరిహార పత్రాలు వాటికి తోడయ్యాయి. ట్రెంట్ మహాసభ 1547 జనవరి 13న వెలువరించిన నీతీకరణ (దేవుని ఎదుట నీతిమంతుడు కావడం) శాసనం ఈ వైఖరికి అధికారిక రూపమిచ్చింది. దేవుని కరుణను, క్రీస్తు పుణ్యాన్ని, సంస్కారాల శక్తిని భక్తుడు శంకించకూడదు. తన బలహీనతను చూసుకున్నప్పుడు మాత్రం తాను కృపలో ఉన్నానా అని భయపడవచ్చు. ప్రత్యేక దర్శనం లేకుండా తాను కడదాకా నిలుస్తానని ఖాయంగా చెప్పుకోవడాన్ని సభ ఖండించింది. అంటే సందేహం దేవుడి మీద కాదు, తన మీద. కేథలిక్ వేదాంతంలో నిరాశ, మితిమీరిన ధీమా రెండూ పాపాలే. వాటి నడుమ ఉండేది ఆశ.

లూథర్, కాల్విన్: సందేహం చోటు మార్చింది

1505లో ఎర్‌ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్‌కు ఈ ఆశ చాలలేదు. పాపాలను గంటల తరబడి ఒప్పుకున్నా ఏదో మరిచిపోయానన్న బెంగ వెంటాడేది. మనిషి తన క్రియల వల్ల కాక, క్రీస్తును నమ్మడం వల్లనే దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎంచబడతాడన్న బోధలో ఆయనకు విడుదల దొరికింది. భారం తన మీద లేనప్పుడు తన లోపాలను లెక్కపెట్టుకోనవసరం లేదు. కలవరం కలిగినప్పుడు తన లోపలికి కాక, వాక్యం వైపు, తాను పొందిన బాప్తిస్మం వైపు చూడాలని ఆయన సలహా.

నాస్తికుల దృష్టిలో ఇక్కడ సందేహం పోలేదు, చోటు మార్చింది. నా క్రియలు చాలుతాయా అన్న ప్రశ్న పోయి, నా విశ్వాసం నిజమైనదేనా అన్న ప్రశ్న వచ్చింది. క్రియలు కంటికి కనిపిస్తాయి, విశ్వాసం కనిపించదు కనుక రెండోది తేల్చడం మరింత కష్టం.

జాన్ కాల్విన్ దగ్గర ఈ చిక్కు ఇంకా ముదిరింది. 1536లో వెలువడి 1559లో తుదిరూపం పొందిన ‘ఇన్‌స్టిట్యూట్స్’లో ఆయన విశ్వాసాన్ని దేవుని దయ గురించిన స్థిరమైన, నిశ్చయమైన ఎరుకగా నిర్వచించాడు. రక్షణ పొందేవారిని దేవుడు సృష్టికి ముందే ఏర్పరచుకున్నాడని కూడా బోధించాడు. ఏర్పాటులో లేనివారికి సైతం కొంతకాలం ఇంచుమించు అలాంటి అనుభూతే కలగవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ తాత్కాలిక విశ్వాసం లోపలినుంచి చూస్తే అసలు విశ్వాసంలాగే ఉంటుంది. అలాంటప్పుడు తనది ఏ రకమో విశ్వాసికి తెలిసేదెలా? ఏర్పాటును క్రీస్తు అనే అద్దంలో చూసుకోవాలని కాల్విన్ జవాబు. ఆ చూపు కూడా తాత్కాలికమైనది కావచ్చు కదా అనే ఎదురుప్రశ్నకు ఆయన తరువాతి తరాలు జవాబు వెతకాల్సి వచ్చింది.

ప్యూరిటన్ల ఆత్మపరీక్ష

ఇంగ్లండ్‌లో కాల్విన్ బోధను అనుసరించిన ప్యూరిటన్లు ఈ వెతుకులాటను ఒక శాస్త్రంగా మలిచారు. కేంబ్రిడ్జ్ బోధకుడు విలియం పెర్కిన్స్ 1592లో దీనిమీదే ఒక గ్రంథం ప్రచురించాడు. మనిషి తాను దేవుని బిడ్డనో కాదో ఎలా తెలుసుకోవాలన్నదే అందులోని విషయం. ఆ కాలపు పద్ధతి తర్కంలోని అనుమాన ప్రమాణం లాంటిది. నమ్మినవారు రక్షణ పొందుతారు, నేను నమ్ముతున్నాను, కనుక నేను రక్షణ పొందాను. మొదటి వాక్యం లేఖనం నుంచి వస్తుంది, విశ్వాసికి అందులో శంక లేదు. రెండో వాక్యం మనిషి తన గురించి తాను చెప్పుకునేది. బరువంతా దానిమీదే పడింది. దాన్ని నిరూపించుకోవడానికి డైరీలు రాశారు, కోరికలను తూకం వేసుకున్నారు, పశ్చాత్తాపం ఎంత లోతుగా ఉందో కొలుచుకున్నారు.

1618-19లో కాల్విన్ అనుచరుల డార్ట్ సభ, నిజంగా ఏర్పరచబడినవారు కడదాకా నిలుస్తారని తీర్మానించింది. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన పద్దెనిమిదో అధ్యాయంలో రాజీ కుదిర్చింది. నిశ్చయత సాధ్యమే, అయితే అది విశ్వాసంలో అంతర్భాగం కాదు, నిజమైన విశ్వాసి కూడా దానికోసం ఏళ్ల తరబడి ఎదురు చూడవలసి రావచ్చు. కాల్విన్ నిర్వచనంలో విశ్వాసంతో కలిసి ఉన్న నిశ్చయత ఇక్కడికి వచ్చేసరికి దాని నుంచి విడివడింది.

ఈ సందేహం కొందరిని కుంగదీసింది. క్రీస్తును అమ్ముకున్నానేమోనన్న తలంపు తనను ఎలా వేధించిందో జాన్ బన్యన్ 1666 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. ఇటలీ న్యాయవాది ఫ్రాన్సెస్కో స్పియెరా ప్రొటెస్టెంట్ నమ్మకాలను 1548లో విచారణాధికారుల ముందు వదులుకుని, తనకు క్షమాపణ లేదనే దిగులుతో అదే ఏడాది చనిపోయాడు. ఆ కథను యూరప్ అంతటా హెచ్చరికగా చెప్పుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు కవి విలియం కౌపర్ 1773 తరువాత తాను శాపగ్రస్తుడినేనని నమ్మి, 1800లో మరణించేదాకా ఆ నమ్మకం నుంచి బయటపడలేదు. ఇలాంటి బాధ ఒక్క శాఖకే పరిమితం కాదు. జెసూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లయోలా మాన్రేసాలో పాపశంకతో ఆత్మహత్య దాకా ఆలోచించాడు. మతపరమైన అతిశంకను నేటి మనోవైద్యం ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) రూపాల్లో ఒకటిగా గుర్తిస్తుంది.

మాక్స్ వెబర్ 1904-05లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ ఆందోళనకు ఆర్థిక ఫలితాన్ని చూపించాడు. ఏర్పాటుకు గుర్తు కావాలన్న తపన వృత్తిలో క్రమశిక్షణగా, పొదుపుగా మారి పెట్టుబడిదారీ మనస్తత్వానికి దోహదం చేసిందని ఆయన ప్రతిపాదన. దానిమీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు.

అనుభవమే సాక్ష్యం అన్నవారు

తర్కంతో పొందలేని నిశ్చయాన్ని అనుభవంతో పొందవచ్చని మరో ధోరణి చెప్పింది. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో మెథడిస్టు స్థాపకుడు జాన్ వెస్లీ హృదయంలో వెచ్చదనం అనుభవించాడు, తన పాపాలు క్షమించబడ్డాయన్న భరోసా పొందాడు. పరిశుద్ధాత్మ ఇచ్చే ఈ సాక్ష్యం మెథడిస్టు బోధకు ప్రాణం. కానీ ఏడాది తిరగకముందే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుడిని కానని ఆయన డైరీలో రాసుకున్నాడు. 1766లో తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలోనూ అలాంటి నిస్పృహే కనిపిస్తుంది. పైగా పొందిన రక్షణను పోగొట్టుకోవచ్చని వెస్లీ బోధ కనుక, ఆ సాక్ష్యం ఇవాళ్టికే పనికొస్తుంది.

అమెరికాలో జోనథన్ ఎడ్వర్డ్స్ ఉజ్జీవ కూటాల ఉద్వేగాన్ని దగ్గరగా చూశాడు. 1735లో నార్తాంప్టన్‌లో ఉజ్జీవం ఉధృతంగా ఉన్న రోజుల్లో, తన ఆత్మ గురించిన దిగులుతో ఉన్న ఆయన తల్లి సోదరి భర్త జోసెఫ్ హాలీ గొంతు కోసుకుని చనిపోయాడు. 1746లో రాసిన గ్రంథంలో ఎడ్వర్డ్స్ దేన్నీ రుజువు చేయని గుర్తులు పన్నెండు, నమ్మదగిన గుర్తులు పన్నెండు వివరించాడు. కన్నీళ్లు, ఉత్సాహం, లేఖనాలు మనసులో మెదలడం, ధీమా ఇవన్నీ మొదటి జాబితాలోకి చేరాయి.

ఇరవయ్యో శతాబ్దపు ఇవాంజెలికల్ సంఘాల్లో ఈ వాదం కొత్త రూపమెత్తింది. ప్రార్థన చేసి క్రీస్తును అంగీకరించినవారి రక్షణ ఇక పోదని బాప్టిస్టుల్లో చాలామంది చెబుతారు. జీవితం మారకపోతే ఆ విశ్వాసం ఉత్తదేనని జాన్ మెకార్థర్ 1988లో, అలా షరతు పెడితే కృప కృప కాదని జేన్ హాడ్జెస్ 1989లో పుస్తకాలు రాశారు.

తెలుగు నేలకు ఈ శాఖలు వేరువేరు మిషన్ల ద్వారా వచ్చాయి. గుంటూరుకు లూథరన్లు, మచిలీపట్నానికి ఆంగ్లికన్లు, ఒంగోలుకు అమెరికన్ బాప్టిస్టులు చేరారు. ఇతరుల విశ్వాసం నిజమైనదో కాదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ఒంగోలులో నిక్కచ్చిగా ఎదురైంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనితో సాయం అందించిన జాన్ క్లౌ, జనం అన్నం కోసం చేరుతున్నారన్న మాట పడకుండా బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక మళ్లీ మొదలుపెడితే 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అంటరానితనం అనుభవించినవారికి ఆ నిర్ణయంలో రక్షణతో పాటు మనిషిగా గుర్తింపు కూడా ఉంది. మనసులోని ఉద్దేశాలను విడదీసి తూచడం ఎవరివల్లా కాదని ఈ ఘటన చూపిస్తుంది.

నాస్తికుల వాదాలు

ఈ చరిత్ర మీద నాస్తికులు, వారి వాదాలకు ఊతమిచ్చే తత్వవేత్తలు లేవనెత్తే అభ్యంతరాలు ప్రధానంగా అయిదు.

మొదటిది గీటురాయి సమస్య. ప్రతి శాఖా ఒక గుర్తు చూపుతుంది: సంస్కారం, విశ్వాసం, మారిన జీవితం, లోపలి సాక్ష్యం, కడదాకా నిలవడం. ఆ గుర్తు రక్షణ లేనివారిలోనూ కనిపించవచ్చని ఆ శాఖే ఒప్పుకుంటుంది. మేలిమిలోనూ కాకిబంగారంలోనూ ఒకే గీత పడితే గీటురాయి వల్ల ఉపయోగం లేదు.

రెండోది, ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతం ఓడిపోకపోవడం. యుక్తవయసు నుంచీ సువార్త ప్రకటించిన డాన్ బార్కర్ 1984లో తాను నాస్తికుడినని వెల్లడించాడు. కాల్వినిస్టు లెక్కలో అలాంటివాడు ఎన్నడూ రక్షణ పొందలేదు, వెస్లీ లెక్కలో పొంది పోగొట్టుకున్నాడు. బోధకుడిగా ఉన్న రోజుల్లో అతని నిశ్చయం తోటివారి నిశ్చయానికి ఏ విధంగానూ భిన్నంగా కనిపించలేదు. తీర్పు ఎప్పుడూ వెనక్కి తిరిగి చెప్పేదే కనుక, ఇవాళ నిశ్చయంగా ఉన్న విశ్వాసికీ అది వర్తిస్తుంది. ఆంటనీ ఫ్లూ 1950లో మత వాక్యాలన్నిటి మీదా ఇలాంటి ప్రశ్నే వేశాడు: ఏది జరిగితే ఈ మాట తప్పవుతుందో చెప్పలేకపోతే అది ఏం చెబుతున్నట్టు? (ఫ్లూ తన చివరి దశలో ఒక సృష్టికర్త ఉన్నాడని అంగీకరించాడు, ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.)

మూడోది హద్దు సమస్య. తత్వవేత్త థియడోర్ సైడర్ 2002 నాటి వ్యాసంలో దీన్ని సూటిగా పెట్టాడు. పరలోకం, నరకం రెండే గమ్యాలు, మధ్యస్థం లేదు. మనుషుల మంచితనం, విశ్వాసం మాత్రం కొద్దికొద్ది తేడాలతో ఉంటాయి. హద్దు ఎక్కడ గీసినా, దాదాపు ఒకేలా ఉన్న ఇద్దరికి అనంతమైన తేడా గల గతులు పడతాయి. అది న్యాయం అనిపించుకోదు. తాను ఆ గీతకు ఏ పక్కన ఉన్నాడో విశ్వాసికి తెలియకపోవడం దీని ఫలితమే.

నాలుగోది, అనుభవాల పోటీ. లోపలి సాక్ష్యం క్రైస్తవుల సొత్తు కాదు. ఇతర మతాల భక్తులూ అంతే గాఢమైన శాంతిని, పిలుపును చెబుతారు. దేవుడిపై పందెం కాయమన్న పాస్కల్ వాదానికి దిదెరో ఇచ్చిన జవాబు ఈ దారిలోదే: ఒక ఇమామ్ కూడా అదే వాదన చేయగలడు. దీనికి జె.ఎల్. షెలెన్‌బర్గ్ 1993లో ప్రతిపాదించిన దేవుని మరుగుదనం వాదం తోడవుతుంది. ప్రేమగల దేవుడు తనను తోసిపుచ్చని మనిషికి కనబడకుండా ఉండడని ఆ వాదం. మనసారా వెతికే విశ్వాసినే సందేహంలో వదిలేయడం అంతకన్నా వింత అని దీన్ని పొడిగించవచ్చు.

అయిదోది నైతికమైనది. 1927 మార్చి 6న బాటర్‌సీ టౌన్‌హాల్‌లో ఇచ్చిన ప్రసంగంలో బెర్ట్రాండ్ రస్సెల్, క్షమించరాని పాపం గురించిన బోధ లోకంలో చెప్పలేనంత దుఃఖానికి కారణమైందన్నాడు. మతానికి పునాది భయమే అని ఆయన అభిప్రాయం. అభయం అమ్మేవారే ముందు భయాన్ని పుట్టిస్తున్నారన్నది ఈ విమర్శ సారం. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరా వైఖరి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. తన గతి మరొకరి చేతిలో ఉందనుకోవడమే మనిషిని బానిసను చేస్తుందని, బాధ్యత తనదేనని గుర్తించడమే నాస్తికత్వమని ఆయన బోధించాడు. రక్షణ ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు గోరా జవాబు వెతకలేదు, ఆ ప్రశ్న అవసరాన్నే తోసిపుచ్చాడు.

విశ్వాసుల సమాధానాలు

క్రైస్తవ వేదాంతులు ఈ అభ్యంతరాలకు నాలుగు రకాల జవాబులు చెబుతారు. ఒకటి, విశ్వాసం రుజువు చేసే సమాచారం కాదు, ఒక వ్యక్తి మీద ఉంచే నమ్మకం. అక్కడ పూర్తి రుజువు అడగడమే పొరపాటు. రెండోది లూథరన్ జవాబు: తనను తాను తవ్వుకోవడం వల్లనే సందేహం పెరుగుతుంది, బయటనున్న వాగ్దానం వైపు చూడాలి. కేథలిక్ చర్చి, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన ఈ విషయంలో రెండు పక్షాలనూ దగ్గరకు తెచ్చింది. తన బలహీనతను చూసి భయపడినా, తన రక్షణను దేవుడు కోరుతున్నాడని విశ్వాసి నమ్మవచ్చని అందులో కేథలిక్ పక్షం పేర్కొంది.

మూడోది ఆల్విన్ ప్లాంటింగా 2000లో విపులంగా రాసినది. క్రైస్తవం నిజమైతే పరిశుద్ధాత్మ కలిగించే నమ్మకం సరైన మార్గంలో పుట్టిన జ్ఞానమే, దానికి వేరే రుజువు అక్కర్లేదు. అసలు తేలాల్సింది ఆ మొదటి షరతే కదా అని నాస్తికులు బదులిస్తారు. నిజమైన విశ్వాసాన్నీ తాత్కాలిక విశ్వాసాన్నీ వేరు చేయడానికి ఈ వాదం సాయపడదని కూడా చెప్పవచ్చు.

నాలుగోది అందరి రక్షణ. మూడో శతాబ్దంలో ఓరిజెన్, నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగరీ చివరికి అందరూ దేవుణ్ణి చేరతారని ఆశించారు. 2019లో డేవిడ్ బెంట్లీ హార్ట్ ఈ వాదాన్ని గట్టిగా తిరిగి నిలబెట్టాడు. అందరికీ రక్షణ ఖాయమైతే ఎవరికీ సందేహం ఉండదు. దీనికి ప్రధాన శాఖలు ఒప్పుకోవు, నరకం గురించిన హెచ్చరికలకు కొత్త అర్థం చెప్పుకోవాలి.

విమర్శ పరిధి

నాస్తిక విమర్శ దేవుడు లేడని నిరూపించదు. రక్షణ గురించి ఖాయంగా తెలుసుకోలేకపోవడం, రక్షణ లేకపోవడం వేరువేరు సంగతులు. లెక్కకు మించిన విశ్వాసులు ఈ ఆందోళన లేకుండా ప్రశాంతంగా బతుకుతారన్నదీ వాస్తవమే. బన్యన్, కౌపర్ వంటివారి కథలు సిద్ధాంతం చేయగల హానిని చూపుతాయి, అందరి అనుభవాన్నీ కాదు.

విమర్శ తేల్చి చెప్పేది మరొకటి. మూడు ప్రతిపాదనలు ఒకచోట ఇమడవు: రక్షణ పొందానని విశ్వాసి నిశ్చయంగా తెలుసుకోగలడు, ఉత్త విశ్వాసం లోపలినుంచి నిజమైన విశ్వాసంలాగే ఉండవచ్చు, తుది తీర్పు నిజమైన విశ్వాసం మీద, దానిలో నిలవడం మీద ఆధారపడుతుంది. ట్రెంట్ మొదటిదాన్ని వదులుకుంది. హాడ్జెస్ వంటివారు ఒక్కసారి నమ్మితే చాలంటూ రెండో, మూడో ప్రతిపాదనలను సడలించారు. అందరి రక్షణ చెప్పేవారు మూడోదాన్ని తీసేశారు. లూథర్ రెండోదాన్ని కాదనలేదు, దాని వైపు చూడవద్దన్నాడు. మూడింటినీ పట్టుకోవాలనుకున్న ప్యూరిటన్ సంప్రదాయంలోనే సందేహం అన్నిటికన్నా లోతుగా పాతుకుంది. ఏ శాఖ బోధనైనా ఈ మూడింటిలో దేన్ని వదులుకుంటోందని అడిగితే, అది ఇచ్చే అభయం ఎంతటిదో తెలుస్తుంది.